మాలి పల్లెకు పిండి మర: బెంగళూరులో కూర్చి పంపేవారికి

సజ్జలు, జొన్నలు, రాగులు మూడూ ఆఫ్రికా నేల మీద పుట్టి వేల ఏళ్ళ కిందట మన దగ్గరికి చేరిన గింజలే. మాలిలో రాత్రి వండుకునే 'తో' మన సంగటికి దగ్గరి చుట్టం. తూర్పున ఉగాలీ, దక్షిణాన న్సిమా అన్నా అదే ముద్ద. మన ఊళ్ళలో రోకలి గోడకు చేరి చాలా కాలమైంది. అక్కడి చాలా పల్లెల్లో మాత్రం తెల్లవారకముందే రోకటి పోటు ఇంకా వినబడుతూనే ఉంది. గింజ తడిపి, దంచి, పొట్టు చెరిగి, కడిగి, మళ్ళీ దంచి, జల్లిస్తే గాని పొయ్యి మీదికి ఎసరు ఎక్కదు. ఈ పనంతా ఆడవాళ్ళదీ ఆడపిల్లలదే.

బెంగళూరులో మన తెలుగువాళ్ళలో మోటార్లు తెలిసినవాళ్ళున్నారు, సోలార్ పనిలో ఉన్నవాళ్ళున్నారు, పీణ్యలో చిన్న వర్క్‌షాపులు నడిపేవాళ్ళున్నారు. ఆఫ్రికాలో ఉద్యోగం చేస్తున్న బంధువు ద్వారానో, అక్కడి మహిళా సంఘంతో పనిచేసే సంస్థ ద్వారానో ఒక ఊరికి సోలార్ పిండి మర పంపాలనుకునేవాళ్ళ కోసం ఈ వివరాలు. లెక్కలన్నీ 60 ఇళ్ళ ఊరికి వేశాం. లెక్క వేసే పద్ధతి పట్టుబడితే ఏ ఊరికైనా మార్చుకోవచ్చు.

కొనేముందు అడగాల్సింది

యంత్రం ఎంచుకునే పని మీది కాదు. కుణిగల్ తాలూకాలోని పుర అనే చిన్న ఊరి అనుభవం ఇక్కడ పనికొస్తుంది. బెంగళూరు ఐఐఎస్సీలో 1974లో మొదలైన, పల్లెలకు శాస్త్ర సాంకేతికాలను చేర్చే ఆస్త్ర బృందం ఆ ఊళ్ళో ఊరుమ్మడి గోబర్ గ్యాస్ ప్లాంటు కట్టింది. ముందు వంట గ్యాస్ ఇద్దామనుకున్నారు. ఊళ్ళో దొరికే పేడ అందరి పొయ్యిలకూ చాలలేదు, పథకం నిలిచిపోయింది. తర్వాత అదే గ్యాస్‌తో ఇంజన్ నడిపి, 1987 నుంచి బోరు నీళ్ళు కుళాయిలకూ, కరెంటు దీపాలకూ ఇచ్చాక ఊరు దాన్ని తనదిగా చేసుకుంది. ఊరికి ముందు కావలసింది నీళ్ళు.

అందుకే ఆ దేశంలో ఉన్న మీ మనిషికి ముందు ఈ పని అప్పజెప్పండి. ఆడవాళ్ళను మగవాళ్ళు లేని చోట, వేర్వేరు వయసులవాళ్ళను వేర్వేరుగా కూర్చోబెట్టాలి. ఒక్కొక్కరికీ 24 గింజలు ఇచ్చి, నిద్ర, నీళ్ళు, కట్టెలు, దంపుడు, వంట, పొలం, పిల్లలు అని నేల మీద గీసిన గళ్ళలో పెట్టమనాలి. ఒక గింజ ఒక గంట. వానాకాలానికి ఒకసారి, ఎండాకాలానికి ఒకసారి చేయించాలి. కొత్త కోడళ్ళ గళ్ళూ అత్తల గళ్ళూ ఒకలా ఉండవు. దంపుడు గడి కంటే నీళ్ళ గడిలో గింజలు ఎక్కువుంటే మర పక్కన పెట్టి పంపు సంగతి చూడండి.

రెండో ప్రశ్న: గింజ పొట్టుతోనే మర పట్టిస్తారా, పొట్టు తీసి పట్టిస్తారా? సహారా ఎడారికి దక్షిణపు అంచున, మాలి కూడా ఉన్న సహెల్ ప్రాంతంలో సజ్జ, జొన్న చాలావరకు పొట్టు తీసే తింటారు. పిండి మర ఒక్కటే పంపితే పొట్టు తీసే దంపుడు అలాగే మిగిలిపోతుంది, అంటే చాకిరీలో సగం దించినట్టే. రాపిడి రాళ్ళతో పొట్టు తీసే యంత్రాలు ఆఫ్రికాలో కొత్తవేం కాదు. కెనడాలో పుట్టిన నమూనాను బోట్స్‌వానాలోని కాన్యేలో ఉన్న గ్రామీణ పరిశ్రమల కేంద్రం పొడి జొన్నకు తగ్గట్టు మార్చింది. బడ్జెట్ సరిపోకపోతే ముందు మర పంపండి. కానీ మోటారు చట్రం మీద రెండో యంత్రానికి చోటు, పుల్లీకి ఇంకో గాడి ఇప్పుడే వదిలిపెట్టండి.

డీజిల్ కాకుండా సోలార్ ఎందుకు

మాలిలో 1990ల నడిమిలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థలు ఒక పద్ధతి మొదలుపెట్టాయి. ఒకే ఇనుప చట్రం మీద నెమ్మదిగా తిరిగే లిస్టర్ రకం డీజిల్ ఇంజన్ బిగించి, బెల్టులు మార్చుకుంటూ మర, పొట్టు తీసే యంత్రం, బ్యాటరీ చార్జర్ అన్నీ దానితోనే నడిపేవారు. ఆ రకం ఇంజన్లకు మన రాజ్‌కోట్ పేరుమోసింది. యంత్రం కంటే దాని షరతులు మెచ్చుకోదగ్గవి. ఊరి మహిళా సంఘమే అడగాలి, ఖర్చులో కొంత వాళ్ళే పెట్టాలి, నడపడం, డబ్బు లెక్క రాయడం వాళ్ళ చేతిలోనే ఉండాలి. మీరూ ఈ మూడు షరతులను అలాగే తీసుకోండి. ఇంజన్ దగ్గర వచ్చే చిక్కు డీజిల్: ధర పెరిగినప్పుడో, వానల్లో బాట తెగినప్పుడో మర ఆగిపోతుంది. సోలార్‌కు ఆ బాధ లేదు. దానికి బదులు వచ్చే చిక్కులు వేరే ఉన్నాయి, అవి ముందు ముందు చెబుతాం.

బ్యాటరీ వద్దు. పిండి మరకు రాత్రి పని లేదు, ఎండ ఉన్నప్పుడు పట్టుకుంటే చాలు. బ్యాటరీ పెడితే ఖర్చు పెరుగుతుంది, నాలుగైదేళ్ళకో ఎనిమిదేళ్ళకో అది పోయిన రోజు మొత్తం మర మూలపడుతుంది. ఫోన్ చార్జింగుకు, రాత్రి దీపానికి విడిగా 100 వాట్ల సోలార్ పలక (ప్యానెల్) ఒకటి, చిన్న బ్యాటరీ ఒకటి పెట్టండి. అలా పెట్టకపోతే ఎవరో ఒకరు మర పలకల వరుసలో ఒకదాని నుంచి వైరు లాగి ఫోన్లకు పెడతారు. ఆ ఒక్క పలక వల్ల వరుస మొత్తం దెబ్బతింటుంది.

లెక్క

ఇంటికి రోజుకు 3 కిలోల గింజ అనుకుంటే 60 ఇళ్ళకు 180 కిలోలు. సన్న జల్లెడతో పొడి గింజ పిండి చేయడానికి కిలోకు సుమారు 40 వాట్-గంటలు పట్టుకోండి. మొత్తం 7,200 వాట్-గంటలు, అంటే 7.2 యూనిట్లు. ఒక మనిషి ఒళ్ళు వంచి ఎడతెరిపి లేకుండా పనిచేస్తే నిలకడగా ఇవ్వగలిగేది 75 వాట్లు. ఇంటి 3 కిలోలకు కావలసిన 120 వాట్-గంటలను చేతులతో ఇవ్వాలంటే, పోటు వృథా కాదనుకున్నా, గంటన్నర పైనే. మరకు అది అయిదు నిమిషాల పని.

సహెల్‌లో చదరపు మీటరుకు రోజుకు 5.5 యూనిట్ల ఎండ పడుతుందనుకుందాం. వేడి, దుమ్ము, మబ్బు, మోటారు సగం లోడుతో తిరిగే సమయం అన్నీ కలిపి 35 శాతం తీసేయండి. 3 కిలోవాట్ల పలకలు రోజుకు 10 యూనిట్ల పైన ఇస్తాయి (3ను 5.5తో హెచ్చించి, అందులో 65 శాతం). అవసరం 7.2. మిగతాది సహారా నుంచి వీచే హర్మట్టాన్ గాలి తెచ్చే దుమ్ముకూ వానాకాలం మబ్బుకూ పెట్టుకున్న జాగ్రత్త, దాన్ని కత్తిరించి ఖర్చు తగ్గించొద్దు.

కిలోకు 40 అన్న అంకెను మా మాట మీద నమ్మొద్దు. యశవంతపుర మార్కెట్ యార్డులో జొన్న, సజ్జ, రాగి తలా 30 కిలోలు కొనండి. మోటారుకు ఎనర్జీ మీటరు పెట్టి, మర వేడెక్కాక 10 కిలోలు పోసి యూనిట్లు చూడండి. గింజ మారినా, జల్లెడ కన్నం మారినా మళ్ళీ కొలవండి. పంపబోయే ఊరి పంట మొక్కజొన్నైతే మొక్కజొన్నతోనే కొలవాలి.

సామాను

మర: చిన్న పల్వరైజర్ (గింజను కొట్టి పొడిచేసే రకం), లోపల తిరిగే రోటరు వ్యాసం 300 మి.మీ., దాని చుట్టూ వేలాడే బీటర్లు (గింజను కొట్టే ఇనుప పట్టీలు). బీటరు అంచు వేగం సెకనుకు 75 మీటర్ల దగ్గర ఉంటేనే సన్న పిండి వస్తుంది. అంటే నిమిషానికి సుమారు 4,800 చుట్లు. 2,880 చుట్ల మోటారుకు 5 అంగుళాల పుల్లీ, మరకు 3 అంగుళాల పుల్లీ వేస్తే సరిగ్గా అక్కడికి వస్తుంది. ఏ-సెక్షన్ బెల్టులు రెండు. నాలుగు పోళ్ళ 1,440 చుట్ల మోటారు చవకగా దొరికిందని తెస్తే పుల్లీ పెద్దదైపోతుంది, చిన్న పుల్లీ మీద బెల్టు జారి కాలిపోతుంది.

మోటారు: 1.5 కిలోవాట్లు, అంటే 2 హెచ్‌పీ, మూడు ఫేజులది. మన దగ్గర దొరికే ఈ సైజు మోటార్లు మామూలుగా 415 వోల్టులకు స్టార్ కనెక్షన్‌తో వస్తాయి. టెర్మినల్ పెట్టెలో ఆరు కొసలు ఉంటే పట్టీలు మార్చి డెల్టా చేయవచ్చు, అప్పుడది 240 వోల్టుల మోటారవుతుంది. ప్లేటు మీద 3.3 ఆంపియర్లు అని ఉంటే డెల్టాలో 5.7 అవుతుంది. డ్రైవులో (పలకల డీసీని మోటారుకు కావలసిన ఏసీగా మార్చి వేగాన్ని నడిపే పెట్టెలో) ఈ కొత్త అంకె పెట్టాలి, పాతదే వదిలేస్తే లోడు పడగానే ట్రిప్ అవుతుంది. మూడే కొసలు బయటికి ఉన్న మోటారైతే కొనొద్దు, లేదా వైండింగ్ షాపులో ఆరు కొసలూ బయటికి తీయించండి.

డ్రైవు: సోలార్ పంపులకు వాడే 220 వోల్టుల రకం, 2.2 కిలోవాట్లది. మోటారు కంటే ఒక సైజు పెద్దది ఎందుకంటే, 45 డిగ్రీల గదిలో డ్రైవు తన పూర్తి బలం ఇవ్వదు.

పలకలు: ఒక్కొక్కటి 335 వాట్లవి 9, అన్నీ ఒకే వరుసలో. అందరూ పొరపాటు చేసేది ఇక్కడే, కాబట్టి కొంచెం విడమరిచి చెబుతాం. ఈ రకం పలక పనిచేసే వోల్టేజీ 38 దాకా, ఏమీ తగిలించనప్పుడు 46 దాకా. డ్రైవు 220 వోల్టులు ఇవ్వాలంటే దానికి 311 వోల్టుల డీసీ కావాలి. 8 పలకలు వేస్తే 304, దగ్గరగానే ఉందే అనిపిస్తుంది. కానీ మాలి ఎండలో పలక 65 డిగ్రీలకు చేరితే వోల్టేజీ 15 శాతం పడిపోయి 258కి వస్తుంది. నడి మధ్యాహ్నం, ఎండ మండిపోతున్నప్పుడు మోటారు బలహీనపడుతుంది, కారణం ఎవరికీ అంతుపట్టదు. పోనీ 10 వేద్దామంటే చల్లని పొద్దున ఖాళీ వోల్టేజీ 480 దాటుతుంది. ఈ రకం డ్రైవుల్లో చాలావాటి హద్దు 450. దాటిన రోజు డ్రైవు లోపలి కెపాసిటర్లు పోతాయి. 9 వేస్తే వేడిలో 290, చలిలో 430. మోటారుకు 205 వోల్టులు అందుతాయి, అది చాలు. వేరే పలకలు దొరికితే వాటి వెనక చీటీ చూసి ఈ లెక్కనే మళ్ళీ వేయండి. ఇథియోపియా, లెసోతో వంటి ఎత్తయిన చల్లటి చోట్లకైతే సున్నా డిగ్రీలకు లెక్క కట్టాలి.

540 వాట్ల పెద్ద పలకలు వాటుకు చవకే. కానీ ఒక్కొక్కటి 27 కిలోలకు పైన బరువు, రెండు మీటర్లకు పైన పొడవు. చివరి పది కిలోమీటర్లు గాడిద బండి మీదో, మోటారు సైకిల్ వెనకో పోయే సామాను ఇది. చిన్న పలకలే నయం.

ఇవి కాక, 4 చదరపు మి.మీ. సోలార్ కేబులు, పలకల వైర్లను కలిపే ఎంసీ4 కనెక్టర్లు, కరెంటు విడగొట్టే డీసీ ఐసోలేటరు, డీసీ ఎంసీబీ, పిడుగుల దెబ్బ నుంచి కాపాడే డీసీ సర్జ్ ప్రొటెక్టర్, 3 మీటర్ల ఎర్త్ రాడ్. ఎస్పీ రోడ్డులో ఏసీ ఎంసీబీనే ఇచ్చి ఇదీ పనిచేస్తుందంటే వినొద్దు. ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది కాబట్టి స్విచ్‌లో పుట్టిన నిప్పు ఆరుతుంది. డీసీలో ఆ సున్నా రాదు, నిప్పు ఆరక స్విచ్చే కరిగిపోతుంది. కనెక్టర్లు కూడా మగదీ ఆడదీ ఒకే కంపెనీవి ఉండాలి. చూడ్డానికి అతుక్కున్నా, వేర్వేరు కంపెనీల లోపలి లోహం సరిగా పట్టుకోక వేడెక్కి కాలుతుంది.

విడి భాగాల పెట్టెను సామానులో ఒక భాగంగా లెక్కకట్టండి, మిగిలిన డబ్బుతో కొందామనుకోవద్దు. 1 మి.మీ. జల్లెడలు నాలుగు, 2 మి.మీ.వి రెండు, బీటర్ల పూర్తి సెట్లు రెండు, వాటి పిన్నులు, షాఫ్టు బేరింగులు రెండు జతలు, బెల్టుల జతలు రెండు, సర్జ్ ప్రొటెక్టర్ లోపలి ముక్క ఒకటి, కనెక్టర్లు ఆరు జతలు, వాటిని నొక్కే పనిముట్టు, గ్రీజు గన్ను, పానాల సెట్టు, మల్టీమీటరు. డ్రైవు రెండోది కూడా పంపగలిగితే పంపండి. అక్కడి ఊళ్ళో మీకు దొరకనిది అదొక్కటే. బెల్టూ బేరింగూ మాత్రం ఆ దేశపు పట్నంలో మోటారు సైకిల్ విడిభాగాల కొట్లో దొరికే సైజువే ఎంచుకోండి, 6205 నంబరు బేరింగు వంటివి ప్రపంచమంతా ఉన్నాయి.

కూర్పు, పరీక్ష

చట్రాన్ని 50 మి.మీ. యాంగిల్‌తో వెల్డు చేయించండి, కానీ మూడు ముక్కలుగా విడదీసేలా బోల్టులతో. మోటారు కింద కన్నాలు పొడవుగా ఉండాలి, బెల్టు బిగువు సరిచేయడానికి. రెండు పుల్లీలూ ఒకే గీతలో ఉన్నాయో లేదో దారం లాగి చూడండి. బెల్టు నడుమ బొటనవేలితో నొక్కితే 10 మి.మీ. లోపు దిగాలి. అంతకంటే బిగిస్తే బేరింగు పోతుంది, వదులైతే బెల్టు కీచుమంటుంది.

బీటర్లను తూకం వేసి ఎదురెదురు జంటలుగా బిగించండి. జంటలో తేడా 2 గ్రాములు దాటకూడదు. ఆ వేగంలో కొద్ది గ్రాముల తేడా కూడా చట్రాన్ని వణికిస్తుంది, ఆ వణుకే బేరింగును తినేస్తుంది.

బెల్టు మీద మూత తప్పనిసరి. అక్కడి ఆడవాళ్ళు నడుముకు గుడ్డ చుట్టుకుంటారు, వీపున బిడ్డను కట్టుకుని పనిచేస్తారు. బిడ్డ చేయి చాపినా, గుడ్డ కొస జారినా పుల్లీకి తగలకూడదు. అందుకే మూతను మూడు వైపులే కాదు, వెనకా కిందా కూడా మూయండి. పానా లేకుండా విప్పలేనట్టు ఉండాలి. గరాటు మూతిలో చేయి దూరనంత ఇరుకుగా ఇనుప కడ్డీలు, వాటి పైన మేకుల్ని పట్టుకునే అయస్కాంతం.

డ్రైవు సెట్టింగులు: మోటారు ఆంపియర్లు పైన చెప్పిన డెల్టా లెక్క ప్రకారం, వేగం పెరిగే సమయం 20 సెకన్లు, సోలార్ మోడ్ ఆన్, అతి తక్కువ ఫ్రీక్వెన్సీ 35 హెర్ట్జ్, దాని కంటే పడితే ఆగిపోవాలి. మబ్బు పోయాక దానంతటది మొదలయ్యే సౌకర్యం పంపుకైతే మంచిదే, మరకు ప్రమాదం. జల్లెడ శుభ్రం చేస్తూ ఎవరో చేయి లోపల పెట్టి ఉంటారు, ఎండ వస్తుంది, మర తిరుగుతుంది. దాన్ని ఆపేయండి. ఆన్ చేసే మీట మనిషి నొక్కితేనే తిరగాలి, జల్లెడ మూత తెరిస్తే కరెంటు తెగే చిన్న స్విచ్ కూడా పెట్టండి.

ఇప్పుడు పరీక్ష. బెంగళూరు చల్లదనం ఇక్కడ మోసం చేస్తుంది. ఇక్కడి మేడ మీద 9 పలకలతో చక్కగా నడిచింది కదా అని పంపేస్తే, మాలిలోని సెగూలో 42 డిగ్రీల ఎండలో మొరాయిస్తుంది. అందుకని ఒక పలక తీసేసి 8తో నడపండి. ఆ తగ్గుదల అక్కడి వేడికీ దుమ్ముకూ దాదాపు సమానం. 8తో పది నుంచి మూడింటి దాకా గంటకు 35 కిలోలు పడితే అక్కడ 9తో ధైర్యంగా పడుతుంది. తర్వాత ఒక పలకను గోనెసంచితో సగం కప్పి చూడండి, నీడ పడితే ఏమవుతుందో కళ్ళారా చూస్తే స్తంభాలు నాటేటప్పుడు గుర్తుంటుంది. కనీసం 500 కిలోలు పట్టాక అన్ని బోల్టులూ మళ్ళీ బిగించండి.

మర పూర్తిగా విప్పి, బీటర్లు మార్చి, తిరిగి బిగించే పనిని మీలో ఇంజనీరు కానివాళ్ళతో చేయించండి. మీ అమ్మగారో అత్తగారో బొమ్మలు చూసి చేయగలిగితే ఆ బొమ్మలు బాగున్నట్టు. చేయలేకపోతే బొమ్మలు మార్చండి. రాజస్థాన్ తిలోనియాలోని బేర్‌ఫుట్ కాలేజీలో ఆఫ్రికా దేశాల నుంచి వచ్చిన పెద్ద వయసు స్త్రీలు భాష తెలియకుండానే రంగులు, సైగల సాయంతో ఆరు నెలల్లో సోలార్ పని నేర్చుకుని వెళ్ళారు. ఆ రంగుల పద్ధతినే వాడండి: ప్రతి వైరు కొసకూ, అది కూర్చునే టెర్మినల్‌కూ ఒకే రంగు చుట్టండి. బోల్టు తలకూ, దానికి సరిపోయే పానాకూ ఒకే రంగు పూయండి.

పెట్టెలు

చెక్క పెట్టెలకు ఐఎస్‌పీఎం 15 ముద్ర ఉండాలి, అంటే వేడిచేసి పురుగు చంపిన చెక్క. అది లేకపోతే రేవులో ఆపేస్తారు. ఏ పెట్టె బరువూ 45 కిలోలు దాటకుండా చూడండి, ఇద్దరు మోయగలగాలి. చెన్నై రేవు నుంచి సెనెగల్‌లోని డాకర్ రేవు దాకా సముద్రపు తేమ, కాబట్టి షాఫ్టుకూ పుల్లీలకూ గ్రీజు పూసి, డ్రైవును సిలికా జెల్‌తో సీలు చేయండి. బీటర్లు, పిన్నులు అన్నీ ఒకే పెట్టెలో వేయొద్దు, పెట్టె ఒకటి పోయినా మర నిలబడాలి.

ఊళ్ళో బిగించడం

బమాకో, బెంగళూరు దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. కాబట్టి మాలికైతే ఇక్కడిలాగే పలకలు దక్షిణానికి, 15 డిగ్రీల వాలు. జాంబియా, మలావి, మొజాంబిక్, జింబాబ్వే భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్నాయి, అక్కడ పలకలు ఉత్తరానికి తిరగాలి. మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళు అలవాటుగా దక్షిణానికే తిప్పేస్తారు. భూమధ్యరేఖ దగ్గరైనా వాలు 10 డిగ్రీలకు తగ్గించొద్దు, వానకు దుమ్ము కడుక్కుపోవాలి.

మన వేపచెట్టు అక్కడా ఊరూరా ఉంది. దాని నీడ ఏ నెలలో ఎక్కడ పడుతుందో చూసి స్తంభాలు నాటండి, లేత చెట్టైతే అయిదేళ్ళ తర్వాతి ఎత్తు ఊహించండి. గదిని ఎవరి పెరట్లోనూ కట్టొద్దు, పెద్దమనిషి పెరట్లో అసలొద్దు. మర ఎవరి ఇంట్లో ఉంటే వాళ్ళదైపోతుంది. బావి దారిలో ఉంటే నీళ్ళకు వెళ్తూ గింజ ఇచ్చి, వస్తూ పిండి తీసుకుపోతారు.

డ్రైవును మర గదిలో పెట్టకూడదు. పిండి దుమ్ము దాని ఫ్యానులో పేరుకుని లోపల వేడెక్కి కాలుతుంది. గోడకు అవతల, నీడలో, గాలి ఆడే చోట పెట్టి, మీట మాత్రం ఇవతలికి తీసుకోండి. కేబుళ్ళు పైపులోనే పోవాలి, పిండి ఉన్న చోట ఎలుక ఉంటుంది. ఎర్త్ రాడ్ పలకలు కడిగే నీళ్ళు ఇంకే చోట దించండి. ఎండాకాలం ఎండిన ఎర్రనేలలో ఎర్త్ పనిచేయదు, వానల మొదట్లో పిడుగులు పడేది సరిగ్గా నేల ఇంకా తడవకముందే.

నడిపేవాళ్ళకు

మర ఎప్పుడూ ఖాళీగా మొదలుపెట్టాలి. డ్రైవు మీద ఫ్రీక్వెన్సీ అంకె 45 దాటాకే గింజ వదలాలి. మబ్బు వచ్చి 42 కిందికి పడితే గరాటు మూతి మూయాలి, మర తిరుగుతుంటే తిరగనివ్వాలి. ఈ ఒక్క అలవాటు పడకపోతే, వేగం తగ్గినప్పుడు గింజ నలగక జల్లెడ బిగుసుకుపోతుంది, మోటారు ఆగుతుంది, తర్వాత పూడుకున్న జల్లెడను కర్రతో పొడిచి చించేస్తారు.

తడి గింజ వేయొద్దని చెప్పడం సులువు, వినడం కష్టం. పొట్టు తీయడానికి తడపడం, కడగడం వాళ్ళ వంట పద్ధతిలో భాగం. అది మానమనకుండా, కడిగిన గింజను చాప మీద ఎండలో ఆరబెట్టి తెమ్మనాలి. పిడికిట పట్టి వదిలితే అరచేతికి అంటుకోకూడదు, పంటి కింద పటుక్కుమనాలి. సజ్జ పిండి నూనె గుణం వల్ల త్వరగా చేదెక్కుతుంది, వారం దాటి నిలవదు. అందుకే ఇంటికి నెలవారీగా కాదు, రెండు మూడు రోజులకొకసారి వంతు పెట్టాలి.

పిండి బరకగా వస్తోందంటే ముందు ఫ్రీక్వెన్సీ చూడాలి, తర్వాత జల్లెడకు చిరుగు ఉందేమో, తర్వాత బీటర్ల మూలలు. ఒక మూల అరిగి గుండ్రమైతే బీటరు తిప్పి రెండో మూల వాడుకోవచ్చు, నాలుగు మూలలూ అయ్యాకే పారేయాలి. ఎప్పుడు మార్చినా సెట్టు మొత్తం మార్చాలి, అరిగిన ఒక్కదాన్ని మారిస్తే తూకం చెడుతుంది. పిండి వేడిగా వస్తుంటే జల్లెడ సగం పూడుకున్నట్టు. బేరింగు మీద చేయి ఆనించలేనంత వేడెక్కితే మర ఆపాలి. గ్రీజు నెలకు రెండు నొక్కులు చాలు, ఎక్కువ కుక్కినా వేడెక్కుతుంది. ఎండ బాగున్నా మర ఎత్తుకోవడం లేదంటే పలకలు చూడాలి. నవంబరు నుంచి మార్చి దాకా వీచే హర్మట్టాన్ దుమ్ము పలకల మీద పొరగా కూర్చుంటుంది. ఆ నెలల్లో మూడు రోజులకొకసారి, తెల్లవారుజామున పలక చల్లగా ఉన్నప్పుడు తడి గుడ్డతో తుడవాలి. నీళ్ళు మోసేదీ ఆడవాళ్ళే కాబట్టి ఒక బకెట్టుతో ముగించే పద్ధతి నేర్పండి: ముందు పొడి మెత్తటి చీపురు, తర్వాత గుడ్డ.

వానాకాలం మరకు గడ్డుకాలం. పొలం పనులు ముమ్మరంగా ఉండి ఆడవాళ్ళు పగలంతా పొలంలోనే ఉంటారు, అప్పుడే ఎండా తక్కువ. ఎండ ఉన్న గంటల్లో మర దగ్గర నిలబడే తీరిక వాళ్ళకు ఉండదు. కాబట్టి పొద్దున పేరో బొమ్మో రాసిన గిన్నెలో గింజ పెట్టిపోతే, సాయంత్రం పిండి పట్టి ఉండాలి. దీనికి తూకం తప్పనిసరి. ఇచ్చేటప్పుడు తీసుకునేటప్పుడు ఇద్దరి ముందూ తూచితేనే మాట పడకుండా ఉంటుంది. 3 కిలోలకు 100 గ్రాముల దాకా తరుగు ఉంటుందని మొదటి రోజే అందరి ముందు పట్టి చూపించండి.

నడిపేవాళ్ళు కనీసం నలుగురు స్త్రీలుండాలి, ఇద్దరైతే ఒకరు పుట్టింటికి పోతే, ఒకరు కాన్పుకు పోతే మర మూతపడుతుంది. వాళ్ళకు కూలి కట్టాలి. జీతం లేని సేవ అంటే రోకలి తీసేసి ఇంకో చాకిరీ ఇచ్చినట్టే. వచ్చిన డబ్బును ఏ రోజుకారోజు మూడు డబ్బాల్లో వేయించండి: కూలి, చిల్లర రిపేర్లు, పెద్ద రిపేరు. మూడో డబ్బాకు రెండు తాళాలు, తాళంచెవులు ఇద్దరి దగ్గర. కోతలకు ముందు గాదెలు ఖాళీ అయ్యే నెలల్లో చేతిలో డబ్బు లేక కొందరు మళ్ళీ రోకలి పట్టుకుంటారు. ఆ నెలల్లో డబ్బుకు బదులు గింజే తీసుకోవడమో, కోతల దాకా అప్పు రాసుకోవడమో సంఘం ముందే తీర్మానం చేసుకోవాలి. ఆదాయం పడిపోయే ఆ రెండు మూడు నెలలకు సరిపడా మూడో డబ్బాలో ఉందో లేదో కోతలప్పుడే లెక్క చూసుకోవాలి.

మీ మనిషి మూడో నెలలో ఒకసారి, మొదటి వానాకాలం అయ్యాక ఒకసారి ఊరికి వెళ్ళిరావాలి. వెళ్ళినప్పుడు మర బాగుందా అని అడగొద్దు. విడి భాగాల పెట్టె తెరిపించి ఎన్ని జల్లెడలు తగ్గాయో లెక్కపెట్టండి, డ్రైవులో నడిచిన గంటల అంకె రాసుకోండి, దాన్ని తూకం పుస్తకంలోని కిలోలతో పోల్చండి. గంటకు 25 కిలోల కంటే తక్కువ తేలితే బీటర్లు విప్పి చూడాలి. మూడు నెలల్లో జల్లెడ ఒక్కటీ మారకపోతే, ఆ నలుగురిలో ఎవరికీ మార్చడం అలవాటు కాలేదన్న అనుమానంతో, అక్కడే వాళ్ళ చేతులతో విప్పించి బిగించండి.